"రెండు బాటిళ్లు ఎక్కించండి డాక్టర్ గారూ"

మన దగ్గర నీరసానికి ఒకటే మందు. బాటిల్. జ్వరం వచ్చి తగ్గినా, పెళ్లి పనుల్లో అలిసిపోయినా, ఎండలో తిరిగి కళ్లు తిరిగినా "ఓ రెండు బాటిళ్లు ఎక్కించండి డాక్టర్ గారూ" అంటాం. ఏ బాటిల్ అని మాత్రం అడగం. కొందరు సెలైన్ అంటారు, కొందరు గ్లూకోజ్ అంటారు. మన లెక్కలో రెండూ ఒకటే. స్టాండుకి వేలాడే సీసా, చుక్క చుక్కగా దిగే నీళ్లు, పక్కన స్టూలు మీద ఫోన్ చూసుకుంటూ ఒక చుట్టం.

నేను డాక్టర్ని కాదు. గచ్చిబౌలిలో కోడ్ రాసుకునేవాడిని. ఈ వారం దీని మీద పడటానికి కారణం మా పెద్దమ్మ. ఆవిడ సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు ఆ సీసా లేబుల్ చదువుదాం. బిస్కెట్ ప్యాకెట్ వెనక ఎంత షుగర్ ఉందో చూసే జనాలం, నరంలోకి పోయేదాన్ని చదవకపోతే ఎలా?

మొదటిది నార్మల్ సెలైన్. లేబుల్ మీద 0.9% సోడియం క్లోరైడ్ అని ఉంటుంది. అంటే లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు. అంతే, ఇంకేం లేదు. అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాములు. పెద్దవాళ్లు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బీపీ ఉందని పచ్చడి కూడా మానేసిన మనిషికి, నీరసం అనగానే ఒక రోజు ఉప్పు మొత్తం చేతిలోంచి ఎక్కించేస్తున్నాం అన్నమాట. 'నార్మల్' అనే పేరు కూడా కొంచెం మోసమే. మన రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 ఉంటుంది (మిల్లీ ఈక్వివలెంట్లు అనే యూనిట్‌లో. ఆ పేరు మర్చిపోండి, అంకె చాలు). ఈ సీసాలో 154. క్లోరైడ్ రక్తంలో 100కి అటూ ఇటూ, సీసాలో అదీ 154. ఒకటి రెండు సీసాలకి ఏమీ కాదు. లీటర్లకి లీటర్లు ఎక్కిస్తే ఆ అదనపు క్లోరైడ్ వల్ల రక్తంలో ఆమ్లం పెరుగుతుంది.

రెండోది 5% డెక్స్‌ట్రోజ్. మనం గ్లూకోజ్ అనేది దీన్నే. అర లీటరులో 25 గ్రాముల చక్కెర. లెక్కేస్తే వంద కేలరీలు కూడా రావు. రెండు ఇడ్లీలు తింటే వచ్చే శక్తి. గంటల తరబడి పడుకుని, సూది గుచ్చించుకుని, డబ్బులు కట్టి రెండు ఇడ్లీలు తిన్నట్టు! చట్నీ కూడా లేకుండా.

అసలు విషయం ఆ చక్కెర కాదు. లోపలికి వెళ్లాక శరీరం దాన్ని వాడేసుకుంటుంది. మిగిలేది ఉత్త నీళ్లు. మరి నేరుగా మంచినీళ్లే ఎక్కించొచ్చు కదా అంటారేమో. ఉత్త నీళ్లు నరంలోకి పోతే అక్కడి ఎర్ర రక్త కణాలు నీళ్లు పీల్చుకుని పగిలిపోతాయి. అలా పగలకుండా లోపలిదాకా నీళ్లని తీసుకెళ్లడానికే ఆ చక్కెర. కాబట్టి గ్లూకోజ్ సీసా అంటే బలం సీసా కాదు, నీళ్ల సీసా.

ఈ నీళ్లు ఎక్కడికి పోతాయన్నది ఇంకో సంగతి. ఒక లీటరు నార్మల్ సెలైన్ ఎక్కిస్తే, కాసేపటికి అందులో సుమారు పావు వంతు రక్తనాళాల్లో ఉంటుంది, మిగతాది కణాల చుట్టూ ఉన్న జాగాలోకి పోతుంది. అదే డెక్స్‌ట్రోజ్ లీటరు ఎక్కిస్తే రక్తనాళాల్లో మిగిలేది ఎనభై మిల్లీలీటర్లు, టీ కప్పుడు. ఎక్కువ భాగం కణాల్లోకే వెళ్లిపోతుంది. వాంతులు, విరేచనాలతో బీపీ పడిపోయిన మనిషికి నాళాల్లో నీళ్లు నిలబడాలి. అక్కడ గ్లూకోజ్ సీసా పెడితే బకెట్ బదులు జల్లెడ పట్టినట్టే. పైగా కణాల్లోకి వెళ్లే ఆ నీళ్లు మెదడు కణాల్లోకి కూడా వెళ్తాయి. పొట్ట ఉబ్బితే నాడా వదులు చేసుకోవచ్చు. పుర్రెకి ఆ సౌకర్యం లేదు.

మూడోది రింగర్ లాక్టేట్. ఆసుపత్రిలో ఆర్ఎల్ అంటారు. దీని వెనక కథ నాకు భలే ఇష్టం. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టర్, కప్ప గుండెని బయటికి తీసి ఉప్పునీళ్లలో ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తున్నాడు. గుండె బాగానే కొట్టుకుంటోంది. తీరా చూస్తే ఆ ద్రావణం డిస్టిల్డ్ వాటర్‌తో చేసింది కాదు, పంపు నీళ్లతో చేసింది. డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ చేస్తే గుండె ఆగిపోయింది. పంపు నీళ్లలో ఉన్న కాల్షియమే దాన్ని నడిపించిందని అలా తేలింది. మా భాషలో చెప్పాలంటే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఎవరూ చెప్పని డిపెండెన్సీ ఒకటి బయటపడింది. 1930ల్లో అలెక్సిస్ హార్ట్‌మన్ అనే అమెరికా పిల్లల డాక్టర్ దానికి లాక్టేట్ కలిపాడు. లివర్ ఆ లాక్టేట్‌ని బైకార్బొనేట్‌గా మార్చి ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆర్ఎల్‌లో సోడియం 130, పొటాషియం 4, కొంచెం కాల్షియం, క్లోరైడ్ 109. రక్తానికి చాలా దగ్గర.

మరి ఆర్ఎలే బెస్ట్ కదా? దీని మీద పెద్ద పెద్ద ట్రయల్స్ జరిగాయి. 2018లో అమెరికాలో స్మార్ట్ అనే ట్రయల్‌లో 15,802 మంది ఐసీయూ పేషెంట్లని చూశారు. మరణం, డయాలసిస్, కిడ్నీ దెబ్బతినడం, ఈ మూడూ కలిపి చూస్తే ఆర్ఎల్ లాంటివి ఇచ్చినవాళ్లలో 14.3%, సెలైన్ ఇచ్చినవాళ్లలో 15.4%. తేడా చిన్నది. తర్వాత బ్రెజిల్‌లో ఒకటి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఒకటి చేస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తలకి దెబ్బ తగిలినవాళ్లకి మాత్రం సెలైనే వాడతారు, ఆర్ఎల్‌లో సోడియం కాస్త తక్కువ కాబట్టి. ఇది ఐఫోనా ఆండ్రాయిడా లాంటి గొడవ కాదు. మంచం మీద ఎవరున్నారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇప్పుడు మా పెద్దమ్మ.

ఆవిడకి 67. ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉంటుంది. బీపీకి రోజూ ఒక బిళ్ల వేసుకుంటుంది. ఆ బిళ్లలో థయాజైడ్ అనే మందు కూడా కలిసి ఉంది. ఒంట్లో ఉప్పుని మూత్రంలోకి పంపి బీపీ తగ్గించే మందు అది. మంచి మందే, లక్షల మంది వాడుతున్నారు. కాకపోతే వయసు పైబడినవాళ్లలో కొందరికి సోడియం పడిపోతుంది. పోయిన వానాకాలం ఆవిడకి మూడు రోజులు వాంతులు, విరేచనాలు. బిళ్ల మానలేదు. బీపీ ఉంది కదా అని మజ్జిగలో ఉప్పు వేసుకోలేదు. నీళ్లు మాత్రం చెంబులకి చెంబులు తాగింది. నీరసంగా ఉందంటే ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి రెండు బాటిళ్లు పెట్టాడు. రెండూ గ్లూకోజే.

మర్నాటికి మా అమ్మ వెళ్తే, సొంత చెల్లెల్ని చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది.

విజయవాడ తీసుకెళ్లారు. నేను హైదరాబాద్ నుంచి బస్సెక్కేసరికే రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చింది. సోడియం 114. పొటాషియం 2.9. నేను చేరేటప్పటికి డ్యూటీ డాక్టర్, నా ఈడు అమ్మాయే, పెద్దమ్మ కొడుకు మా అన్నయ్యతో మాట్లాడుతోంది. అన్నయ్య అడిగేది ఒకటే. "సోడియం తక్కువైంది అంటున్నారు కదా మేడమ్. గబగబా ఎక్కించేసి 135కి తెచ్చేయండి. ఖర్చు సంగతి చూడకండి."

"ఖర్చు గురించి కాదండీ. ఈ రోజుకి నేను 122 దాటనివ్వను" అంది.

అన్నయ్యకి కోపం వచ్చింది. ఆవిడ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. సోడియం రోజుల తరబడి మెల్లగా పడిపోతే మెదడు ఊరుకోదు. వాపు తగ్గించుకోవడానికి తన కణాల్లోని లవణాలని బయటికి పంపేసి, ఆ తక్కువ సోడియానికే సర్దుకుంటుంది. దీనికి సుమారు రెండు రోజులు పడుతుంది. అలా సర్దుకున్నాక మనం ఒక్కసారిగా రక్తంలో సోడియం పెంచేస్తే, మెదడు కణాల్లోంచి నీళ్లు సర్రున బయటికి వచ్చేస్తాయి. నరాల మీద కరెంటు వైరుకి ప్లాస్టిక్ తొడుగులా మైలిన్ అనే పొర ఉంటుంది. అది దెబ్బతింటుంది. మాట పడిపోవచ్చు, మింగలేకపోవచ్చు, కాళ్లూ చేతులూ కదలకపోవచ్చు. దారుణం ఏంటంటే, అది కొన్ని రోజుల తర్వాత కనపడుతుంది. రిపోర్ట్‌లో సోడియం నార్మల్, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకునే టైముకి. పొటాషియం కూడా బాగా తక్కువున్న పెద్దమ్మ లాంటివాళ్లకి ఆ రిస్క్ ఇంకా ఎక్కువ. అందుకే 24 గంటల్లో 8కి మించి పెరగకూడదని ఆవిడ లెక్క.

నాకు వెంటనే అర్థమైంది. మా సర్వర్లకి ఉన్న రేట్ లిమిట్ లాంటిదే ఇదీ. లోపలికి పంపేది మంచిదే అయినా, ఎంత వేగంగా పంపుతున్నావన్న దానికి హద్దు.

"మరి ఫిట్స్ వస్తే?" అని అడిగాను. అప్పుడు మెల్లగా అనే మాట ఉండదట. 3% సెలైన్ అని, మామూలు దానికి మూడు రెట్లకి పైగా చిక్కనిది, వంద నుంచి నూట యాభై మిల్లీలీటర్లు నిమిషాల్లో ఎక్కిస్తారు. సోడియం నాలుగైదు పెరిగితే చాలు, ఫిట్స్ అదుపులోకి వస్తాయి. ఆ తర్వాత మళ్లీ బ్రేక్. మొత్తం 8 అనే రోజు కోటాలోంచే అది తీసుకోవాలి.

పెద్దమ్మకి ఫిట్స్ రాలేదు. బిళ్ల ఆపి, నార్మల్ సెలైన్ మెల్లగా పెట్టారు. నాలుగు గంటలకోసారి రక్తం తీసి చూడటం. సాయంత్రానికి 117. బాగుంది అనుకున్నాం. రాత్రి పదకొండింటికి సిస్టర్ యూరిన్ బ్యాగ్ చూసి డాక్టర్‌ని పిలిచింది. గంటల్లో లీటర్లు వచ్చేసింది. సోడియం 122. రోజు పూర్తవ్వకుండానే కోటా అయిపోయింది.

ఎందుకలా అయిందంటే, ఒంట్లో ద్రవం తక్కువైనంతసేపూ ఒక హార్మోన్ కిడ్నీలకి 'నీళ్లు వదలకండి' అని ఆర్డర్ వేసి ఉంచుతుంది. సెలైన్‌తో నాళాలు నిండగానే ఆ ఆర్డర్ రద్దవుతుంది. కిడ్నీలు పట్టి ఉంచిన నీళ్లన్నీ ఒకేసారి వదిలేస్తాయి. నీళ్లు పోతే రక్తంలో సోడియం దానంతట అదే పైకి లేస్తుంది. మనం ఏమీ ఎక్కించకపోయినా సరే.

అప్పుడు ఆ డాక్టర్ సెలైన్ ఆపించి, 5% డెక్స్‌ట్రోజ్ తగిలించమంది.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఈ బాటిల్ వల్లే కదా మా అమ్మకి ఈ గతి పట్టింది?"

"అవునండీ. ఇప్పుడు నాకు నీళ్లే కావాలి. ఇందులో ఉన్నవి నీళ్లే."

తెల్లారేసరికి 121. ఆ రెండు అంకెల మధ్య ఆ రాత్రి ఆవిడ ఎన్నిసార్లు వచ్చి చూసిందో నేను లెక్కపెట్టలేదు. ఆరో రోజుకి 133. పెద్దమ్మ మా అమ్మని గుర్తుపట్టింది, పట్టగానే "నా కోళ్లకి గింజలు ఎవరు వేస్తున్నారే?" అని తగువు పెట్టుకుంది. ఇప్పుడు బీపీకి వేరే బిళ్ల వాడుతోంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల బిళ్లల మీద హైడ్రోక్లోరోథయాజైడ్ అనో, క్లోర్‌థాలిడోన్ అనో ఉంటే కంగారుపడి మానిపించకండి. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజు మాత్రం ఆ స్ట్రిప్ ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి. మాట తడబడినా, మత్తుగా ఉన్నా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా బాటిల్ పెట్టేముందు సోడియం టెస్ట్ చేయించమని అడగండి.

పొటాషియం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది సోడియం కంటే తొందరగా ప్రాణం తీస్తుంది. మన ఒంట్లో ఉన్న పొటాషియంలో దాదాపు 98% కణాల లోపలే ఉంటుంది. రక్తంలో కనపడేది మిగిలిన ఆ కాస్తే. అది 3.5 నుంచి 5 మధ్యలో ఉండాలి. కిందకి పోయినా, పైకి పోయినా గుండె లయ తప్పుతుంది. పొటాషియం క్లోరైడ్ చిన్న ఆంపూల్, పది మిల్లీలీటర్లు, అందులో మామూలుగా 20 యూనిట్లు. దాన్ని సీసాలో కలిపి, చేతి నరం నుంచైతే గంటకి పది చొప్పున మెల్లగా ఎక్కిస్తారు. కలపకుండా నేరుగా సిరంజితో పొడిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే చాలా ఆసుపత్రుల్లో దాన్ని మిగతా ఇంజెక్షన్లతో కలపకుండా వేరుగా పెడతారు. పెద్దమ్మకి అది ఎక్కుతున్నప్పుడు చెయ్యి మంటగా ఉందని ఒకటే గోల. స్పీడ్ తగ్గించారు కానీ ఆపలేదు.

ఇందులో రెండు తిరకాసులున్నాయి. ఒంట్లో మెగ్నీషియం తక్కువుంటే ఎంత పొటాషియం ఎక్కించినా నిలబడదు, మూత్రంలో పోతూనే ఉంటుంది. ముందు మెగ్నీషియం సరిచేయాలి. రెండోది, పొటాషియం ఇస్తే సోడియం కూడా పెరుగుతుంది. కణంలోకి పొటాషియం వెళ్తే అక్కడున్న సోడియం బయటికి వస్తుంది. పెద్దమ్మకి రోజుకి 8 అని పెట్టుకున్న కోటాలో ఈ పొటాషియాన్ని కూడా కలిపి లెక్కేశారు. ఒక బగ్ సరిచేస్తే ఇంకోటి కదలడం నాకు రోజూ అలవాటే. నా బగ్గులకి ఎవరి మాటా పడిపోదు.

పొటాషియం బాగా ఎక్కువైతే, ముందు కాల్షియం ఇంజెక్షన్‌తో గుండెకి కాపలా పెడతారు. తర్వాత ఇన్సులిన్, గ్లూకోజ్ కలిపి ఇస్తారు. దాంతో పొటాషియం కణాల్లోకి దాక్కుంటుంది, ఒంట్లోంచి మాత్రం పోదు. పంపాల్సింది కిడ్నీయో, మందులో, డయాలసిస్సో. కిడ్నీ జబ్బున్నవాళ్లకి కొబ్బరి బోండాం వద్దనేది అందుకే. కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. మనమేమో ఆసుపత్రికి చూడ్డానికి వెళ్తూ ముందు కొనేది దాన్నే.

డెంగ్యూ సీజన్లో ప్లేట్‌లెట్ల మీద ఉన్నంత ధ్యాస నీళ్ల మీద ఉండదు. జ్వరం తగ్గే రోజుల్లో కొందరికి రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారుతుంది. అప్పుడు సెలైనో ఆర్ఎలో జాగ్రత్తగా లెక్కేసి ఇస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఆ కారిన ద్రవమంతా తిరిగి నాళాల్లోకి వస్తుంది. "ఇంకో రెండు బాటిళ్లు పెట్టండి, నీరసంగా ఉన్నాడు" అని ఆ రోజున అడిగితే, ఆ నీళ్లు చేరేది ఊపిరితిత్తుల్లోకి. నోటితో తాగగలిగి, ప్రమాద లక్షణాలు లేని డెంగ్యూ పేషెంట్‌కి అసలు బాటిలే అక్కర్లేదు.

ఈ నరంలోకి ఎక్కించే పద్ధతి పుట్టింది కలరా వల్ల. 1831లో విలియం ఓషానెస్సీ అనే కుర్ర డాక్టర్, కలరా పేషెంట్ల రక్తం పరీక్షించి, నీళ్లూ ఉప్పూ పోయాయని చెప్పాడు. (ఇదే మనిషి తర్వాత కలకత్తా వచ్చి మన దేశానికి టెలిగ్రాఫ్ లైన్లు వేయించాడు. నెట్‌వర్క్ ఇంజినీర్లూ, మన పెద్దాయన!) మరుసటి ఏడు స్కాట్లాండ్‌లో థామస్ లట్టా ఆ మాట పట్టుకుని, చావుబతుకుల్లో ఉన్న ఒక ముసలావిడకి సుమారు మూడు లీటర్ల ఉప్పునీళ్లు నరంలోకి ఎక్కించాడు. ఆవిడ లేచి కూర్చుంది, మొహంలోకి కళ వచ్చింది. లట్టా ఆవిడని అక్కడి డాక్టర్‌కి అప్పగించి వెళ్లిపోయాడు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. మళ్లీ ఎక్కించలేదు. కొన్ని గంటల్లో చనిపోయింది.

అదే కలరా 1971లో పశ్చిమ బెంగాల్ బనగావ్ శరణార్థి శిబిరంలో విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కలిపిన నీళ్లు పోయించి, చుట్టాల చేతే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకి దిగాయి. పేగు గోడలో సోడియానికీ గ్లూకోజ్‌కీ కలిసి వెళ్లే తలుపు ఒకటి ఉంది. రెండూ పక్కపక్కన వస్తేనే అది తెరుచుకుంటుంది, వాటి వెనకే నీళ్లు లోపలికి పోతాయి. విరేచనాలు అవుతున్నా ఆ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. అదే ఓఆర్ఎస్. ఆయన 2022లో పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇప్పుడు వాడే ఫార్ములాలో లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. చక్కెర అంతకి బాగా మించితే నీళ్లని పేగులోకి లాగి విరేచనాలు ఇంకా పెంచుతుంది. మన మెడికల్ షాపుల్లో ఏళ్ల తరబడి 'ఓఆర్ఎస్' అని పేరు పెట్టుకున్న తియ్యటి టెట్రా ప్యాక్‌లు అమ్మారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాని మీద ఎనిమిదేళ్లు కొట్లాడారు. 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆర్డర్ వేసింది. షాపులో ఓఆర్ఎస్ అడిగినప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తీసుకోండి. దాని మీద లీటరు నీళ్లు అని ఉంటే లీటరే, రెండొందల మిల్లీలీటర్లు అని ఉంటే అంతే. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి, మిగతాది మడతపెట్టి రబ్బర్ బ్యాండ్ వేసి ఫ్రిజ్ మీద పెట్టే మన అలవాటు ఉంది చూశారూ, దాంతో ఆ గ్రాముల లెక్కంతా పోతుంది.